కాలిన తోటకు ముందు పర్మిట్

ఒక పట్టణం పెరగాలంటే, అందులో ఖాళీగా ఉన్న మనుషులను ముందుగా ఖాళీగానే కాపాడుకోవాలి. ఈ సత్యాన్ని నిజామాబాద్ కనిపెట్టింది. మిగతా పట్టణాలు పరిశ్రమలను రప్పించడానికి భూములిచ్చాయి, రోడ్లు వేశాయి, కరెంటు తీగలు లాగాయి. నిజామాబాద్ పెద్దలు మాత్రం ఒకరోజు మధ్యాహ్నం బిర్యానీ తిని, చేతులు కడుక్కుని, మన దగ్గర వీటన్నిటికన్నా దండిగా ఉన్నది పనిలేని చదువుకున్న పిల్లలేనని గుర్తించారు. కంపెనీలు అడిగేదీ అదే కదా, పిలిస్తే వచ్చే మనుషులు. అట్లా "పరిశ్రమల ఆకర్షణార్థం స్థానిక శ్రామికశక్తి నిల్వ విభాగం" పుట్టింది. (అది ఏ శాఖ కిందికి వస్తుందో ఇంకా తేలలేదు. తేలేవరకు అన్ని శాఖలూ దాన్ని మెచ్చుకుంటున్నాయి.) ఊళ్లో జనానికి అంత పేరు పలికే తీరిక లేక నిల్వ ఆఫీసు అన్నారు.

కోటగిరి సుకన్య మొదటి వారంలోనే అందులో పేరు రాయించుకుంది. బోధన్‌లో డిగ్రీ చదివింది, కంప్యూటర్ నేర్చుకుంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఏ పనీ లేదు. మాట తక్కువ పిల్ల. ఆఫీసులో పనిచేసే మార్కండేయ రసీదు చేతికిస్తూ, "అయిపోయింది చెల్లె, ఇగ నువ్వు నిల్వల ఉన్నవ్," అన్నాడు. సుకన్య సంతోషపడింది. అప్పటివరకు ఆమె ఎక్కడా లేదు.

విభాగానికి అధికారిగా జగన్మోహనరావు గారిని పెట్టారు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి బోధన్ కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. ముప్పై ఏళ్లు ఒక చక్కెర మిల్లులో చెరకు విభాగం చూసి, మిల్లు మూతపడ్డాక ఇంట్లో కూర్చుని గోడగడియారాన్ని చూసుకుంటున్న మనిషి. "ముడిసరుకును మిల్లు దాకా చేర్చిన అనుభవం" కావాలని ప్రకటనలో ఉండేసరికి, ఆ అనుభవం ఉన్నది ఆయన ఒక్కరికే. ఆయనకు వచ్చిన పని కూడా అదొక్కటే. కాబట్టి జిల్లాలోని నిరుద్యోగులను ఆయన చెరకులాగా చూసుకోవడం మొదలుపెట్టారు. ఇంతకంటే ప్రేమగా చూసుకోవడం ఆయనకు తెలియదు.

ముందు వర్గీకరణ జరిగింది. కొత్తగా చదువు ముగించినవాళ్లు మొక్క తోట. దుబాయికో మస్కట్‌కో పోయి, అక్కడ కోత అయిపోయి, తిరిగొచ్చి మళ్లీ చిగురిస్తున్నవాళ్లు కార్శి తోట. రెండుసార్లు పోయి వచ్చినవాళ్లు రెండో కార్శి. (మూడోసారి పోయి వచ్చినవాళ్లను దున్నేయాలని నియమం ఉంది గానీ, మానవతా దృక్పథంతో పక్కన పెట్టారు.)

తర్వాత తీపి పరీక్ష. చెరకు తోటలోనైతే ఫీల్డ్‌మ్యాన్ గడకు చిన్న రంధ్రం చేసి, ఒక్క రసం చుక్క మీటరు అద్దం మీద వేసి, వెలుగువైపు తిప్పి చూస్తాడు. మనుషులకు రంధ్రం చేయడానికి పైనుంచి అనుమతి రాలేదు. (అడిగారు.) అందుకని ఒక్కొక్కరితో "గుడ్ మార్నింగ్ సార్" అనిపించి, రావుగారు కళ్లు మూసుకుని విని అంకె చెప్పేవారు. సుకన్యకు పదహారు వచ్చింది. "గొంతు చిన్నదే గానీ రసం ఉంది. ఇంకొంచెం ఆగితే పద్దెనిమిదికి వస్తుంది," అని రాయించారు. ఎంతకాలం ఆగాలో రాయలేదు.

ఇక నియమాలు. పాత మిల్లు నియమావళి రావుగారి బీరువాలోనే ఉంది. కొత్తది రాయడం ఎందుకని, మార్కండేయ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, "చెరకు" అని ఉన్నచోటల్లా "శ్రామికుడు" అని ఒకే దెబ్బకు మార్చేశాడు. ఆ నియమాలు గోడకు అతికించి ఉండేవి. ప్రతి బుధవారం హాజరు క్యూలో నిలబడి సుకన్య వాటిని చదివేది. శ్రామికుడి తలలను పశువులకు వేయరాదు. శ్రామికుడు పూత వేసినచో బరువు తగ్గును. శ్రామికులను ఎలుకల నుండి, పందుల నుండి కాపాడవలెను. జోన్ పరిధిలోని శ్రామికులను బెల్లం గానుగలకు తరలించరాదు.

క్యూలో అందరూ ఫోన్లు చూసుకునేవాళ్లు. సుకన్య ఒక్కతే గోడ చదివేది.

బుధవారం హాజరు ఎందుకంటే, నిల్వలో ఉన్నవాళ్లు ఇంకా ఖాళీగానే ఉన్నారని నిర్ధారించుకోవడానికి. కిటికీలోంచి చేతులు చాపాలి. మార్కండేయ తిప్పి చూస్తాడు. వేళ్ల చివర బీడీ ఆకు వాసన ఉన్నా, అరచేతులకు పసుపు అంటినా, ఎక్కడో పని చేసినట్టే. ఏర్గట్ల నుంచి వచ్చే పుష్పలత ఒకసారి పచ్చటి చేతులతో దొరికిపోయింది.

"పసుపు కొమ్ములు ఏరవోయినవా?" అన్నాడు మార్కండేయ.

"లేదన్నా, మా మేనత్త బిడ్డ లగ్గం. నలుగు పెట్టిన."

"గతవారం గూడ నలుగే అంటివి."

"ఇద్దరు బిడ్డలున్నరన్నా."

"మంచిది. మూడో బిడ్డ పుట్టేదాక చేతులు కడుక్కొని రా," అని హాజరు వేశాడు. మార్కండేయ చెడ్డవాడు కాదు. అతనిది తాత్కాలిక ఉద్యోగం, అంతే.

ఊళ్లో దుకాణాలకు కూడా ఒక సర్క్యులర్ వెళ్లింది. నిల్వలో ఉన్న మనిషిని పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకుంటే అది దొంగ నరుకుడు కిందికి వస్తుంది. బస్టాండు ఎదుట జిరాక్స్ దుకాణం మీద దాడి చేసి, అక్కడ జిరాక్సులు తీస్తున్న ఒక మొక్క తోటను స్వాధీనం చేసుకున్నారు. కుర్రాణ్ణి జీపులో ఇంటి దగ్గర దింపి, ఖాళీగా కూర్చోబెట్టి, వాళ్ల నాన్నతో సంతకం పెట్టించుకున్నారు.

ఇట్లా వ్యవస్థ చక్కగా సాగుతుండగా సుకన్యకు ఉద్యోగం దొరికింది.

ఆర్మూరు రోడ్డులో జ్యోతిరాణి అనే ఆమెకు పసుపు నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీ ఉంది. కంప్యూటర్లో బస్తాల వివరాలు ఎక్కించడానికి మనిషి కావాలి. సుకన్య వేళ్లు ఎంత తొందరగా కదులుతున్నాయో చూసి, ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "సోమవారం రా. కొత్త పసుపు దిగుతది. సోమవారం రాకపోతే వేరే పిల్లను పెట్టుకుంట, ఏమనుకోవద్దు. అట్లనే ఆ నిల్వ ఆఫీసు పర్మిట్ తేవాలె. జీపులు, సంతకాలు, నాకా లొల్లి వద్దు," అంది.

బుధవారం హాజరు అయ్యాక సుకన్య రావుగారి గదిలోకి వెళ్లి నిలబడింది.

"సార్, నాకు పని దొరికింది."

రావుగారు పెన్ను కింద పెట్టారు. చావు కబురు విన్న మనిషిలా, "ఎక్కడా?" అన్నారు.

"పసుపు కోల్డ్ స్టోరేజీల సార్. సోమవారం రమ్మన్నరు."

"చూడమ్మాయ్. నువ్వు మొక్క తోటవి. పదహారు తీపి. ఇలాంటి సరుకును బెల్లం గానుగకు తోలేస్తే, రేపు మిల్లువాళ్లొచ్చినప్పుడు నేనేం చూపించాలి? ఆ సోమవారమే హైదరాబాదు నుంచి కంపెనీవాళ్లు నిల్వ చూసుకోవడానికి వస్తున్నారు."

"ఆ కంపెనీ నాకు పని ఇస్తదా సార్?"

"ఇవ్వచ్చు."

"ఈ మేడం ఇచ్చింది సార్."

"అదే నేను చెప్పేది. ఇచ్చేసినదానిలో ఇంకేముంది? ఇవ్వబోయేదాన్ని చూడాలి. దాన్నే అభివృద్ధి అంటారు." ఆయన గొంతు తగ్గించి, నిజంగానే బాధపడుతూ అన్నారు. "అందరికీ పనులు దొరికిపోతే, ఇంక ఈ ఊరికి పరిశ్రమ ఏ మొహం పెట్టుకుని వస్తుందమ్మా?"

సుకన్య నమస్కారం పెట్టింది. బయటికొచ్చి గోడ దగ్గర ఆగింది. ఇంకా చదవని చివరి కాగితం ఒకటి ఉంది.

సాయంత్రం కోటగిరిలో సుకన్య తల్లి హన్మవ్వ జొన్నరొట్టెలు చేస్తోంది. ఎకరన్నర చెరకు ఇప్పటికీ వేస్తుంది. దగ్గరి మిల్లు మూతపడ్డాక దూరపు మిల్లుకు తోలుతుంది. చెరకు నరికి తోలే పర్మిట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ ఆమెకు ప్రపంచంలో దేని మీదా ఆశ్చర్యం మిగల్లేదు.

"పర్మిట్ ఇయ్యనన్నడు," అంది సుకన్య.

"ఎందుకిస్తడు? ఫీల్డ్‌మ్యాన్ గాళ్లు అడిగితే ఎన్నడిచ్చిండ్రు?"

"మరి మనకు ఎట్ల దొరికేది అవ్వా?"

"మనకేంది, మన తోట రెండుసార్లు కాలింది. కాలిన తోటకు ముందు పర్మిట్. పక్కపొంటి నర్సింలోళ్లది ఎండిపోయి నిలబడ్డది, మనది బండెక్కింది."

"ఎట్ల కాలింది?"

హన్మవ్వ రొట్టె తిప్పింది. "నాకేం ఎరుక. పొద్దుగాల లేచేసరికి కాలింది."

"రెండుసార్లు?"

"రెండోసారి గూడ పొద్దుగాలే."

సుకన్య నవ్వలేదు. గోడ మీది చివరి కాగితం ఆమెకు నోటికొచ్చేసింది. "కాలిన శ్రామికుడిని ఇరవై నాలుగు గంటలలోగా తరలించవలెను. ఆలస్యమైనచో తీపి పడిపోవును. అట్టి నష్టమునకు అధికారి స్వయముగా బాధ్యుడు."

అవ్వకు వినిపించింది. హన్మవ్వ పీట మీద వెనక్కి వాలి, చాలాసేపు కూతురి వైపు చూసింది. డిగ్రీ చదివించినందుకు మొదటిసారి గర్వంగా అనిపించింది.

శనివారం తెల్లారి పక్క పొలంలో నరికిన తోట ఆకు కుప్పలు తగలబెడుతున్నారు. సుకన్య పాత చున్నీ వేసుకుని పొగకు ఎదురుగా నిలబడింది. గాలి మారితే తనూ జరిగింది. అవ్వ ఇంత మసి తెచ్చి చెంపలకు, మోచేతులకు రుద్దింది. "కదలకు. చెవి ఎనక ఇంక తెల్లగనే ఉంది," అని అక్కడ కూడా రుద్దింది. లగ్గం పిల్లకు నలుగు పెట్టినంత శ్రద్ధగా రుద్దింది. చున్నీ అంచు ఒక్క జానెడు కాల్చి, కాలితో ఆర్పింది. సుకన్య అట్లాగే బోధన్ మీదుగా బస్సెక్కి నిజామాబాద్ వచ్చింది. బస్సులో ఇద్దరు పట్టే సీటు మొత్తం ఆమెకే ఇచ్చారు.

నిల్వ ఆఫీసులో రావుగారు తల వంచుకుని సోమవారం ఏర్పాట్లు రాసుకుంటున్నారు. ఆమె గదిలో అడుగు పెట్టగానే పెన్ను ఆగింది. తల ఎత్తలేదు. ముక్కు ఎగరేశారు.

"చెరకాకు," అన్నారు.

"అవును సార్."

ఆయన నెమ్మదిగా లేచి నిలబడ్డారు. మిల్లు మూతపడ్డాక ఆ మనిషిలో అట్లాంటి కదలిక ఎవరూ చూడలేదు. వెన్ను నిటారైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. (పొగ వల్ల కావచ్చు.) ముప్పై సీజన్ల ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వాటంతటవే బయటికొచ్చాయి.

"ఎప్పుడంటుకుంది?"

"పొద్దుగాల లేచేసరికి అంటుకుంది సార్."

"ఎంత మేర?"

"నేనొక్కదాన్నే సార్."

"గాలి ఎటుంది?"

"బోధన్ దిక్కు."

"ఎవరంటించారు?"

"తెల్వది సార్."

ఆ జవాబు విని రావుగారి ముఖం వికసించింది. ముప్పై ఏళ్లుగా ప్రతి రైతూ ఇదే జవాబు చెప్పాడు, ప్రతిసారీ ఆయన ఒకే కారణం రాశారు. ఇప్పుడూ అదే రాశారు: దారిన పోయేవాడి బీడీ ముక్క.

"సార్," అన్నాడు మార్కండేయ గుమ్మంలోంచి, "గా పిల్ల మంచిగనే ఉన్నది సార్."

"నీకేం తెలుసయ్యా. పైకి అలాగే ఉంటుంది. లోపల గంటగంటకూ తీపి పడిపోతుంటుంది. రేపటికి పదమూడు. ఎల్లుండి కంపెనీవాళ్ల ముందు పన్నెండు తీపితో నిలబెట్టి, నన్ను బాధ్యుణ్ణి చేద్దామనా?" ఆయన పర్మిట్ పుస్తకం లాగి, రాసి, ముద్ర గుద్దారు. ముద్ర రెండుసార్లు గుద్దారు. ఒకటి నియమం కోసం, ఇంకొకటి ఆనందం కోసం. "వెంటనే తరలించు. తూకం చీటీ తీసుకురావడం మర్చిపోకు."

మార్కండేయ సుకన్యను స్కూటర్ మీద కోల్డ్ స్టోరేజీకి తరలించాడు. అక్కడ లారీలు తూచే కాటా మీద ఆమెను నిలబెట్టారు. నలభై కిలోలు చూపించింది. మార్కండేయ మసి కింద రెండు కిలోలు కోసి ముప్పై ఎనిమిది రాసుకున్నాడు. జ్యోతిరాణి ఇదంతా నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "సోమవారం తానం చేసి రా బిడ్డా," అని పర్మిట్ తీసి లోపల పెట్టుకుంది.

ఒక మనిషి నిల్వలోంచి బయటపడిందన్న సంగతి ఆదివారం మధ్యాహ్నానికి మండలాలన్నీ పాకింది. సుకన్య ఎవరికీ చెప్పలేదు. స్కూటర్ మీద మసితో పోతుంటే పుష్పలత చూసింది, అది చాలింది.

సోమవారం పొద్దున సుకన్య తలంటుకుని, ఇస్త్రీ బట్టలతో కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ ముందు కూర్చుంది. మొదటి లారీ బస్తాలు ఎక్కిస్తుండగా బయట హమాలీలు పని ఆపి ఆకాశంలోకి చూడటం కనిపించింది. ఊరి మీద పొగ. సన్నగా కాదు, దుప్పటి పరిచినట్టు. ఫోను మోగింది. మార్కండేయ.

"చెల్లె, నువ్వు చేసిన పుణ్యం సూడు."

"ఏమైందన్నా?"

"నిల్వ మొత్తం కాలింది. కోటగిరోళ్లు చెరకాకు ఏసుకొచ్చిండ్రు. ఏర్గట్లోళ్లకు చెరకు లేదాయె, పసుపాకు ముట్టిచ్చిండ్రు. ఇందల్వాయోళ్లు వరిగడ్డి తెచ్చిండ్రు. ఇంటికాడ ముట్టిస్తే వాసన పోతదని ఇక్కడ ఆఫీసు ముంగట మైదానంలనే ముట్టిస్తుండ్రు. దుబాయి నుంచి వచ్చినాయన ఒకడు డబుల్ కార్శినని టైరు తెచ్చిండు."

"రావుసార్?"

"మొదాలు మస్తు సంబురపడ్డడు. క్రషింగ్ సీజన్ మొదలైందన్నడు. ఒక్కొక్కన్ని పట్టుకొని గాలి ఎటున్నదని అడుగుతుండు. అందరు బోధన్ దిక్కే అంటుండ్రు." దగ్గు వినిపించింది. "ఆగు, కంపెనీ సారు రావుసార్‌కు ఫోన్ జేస్తుండు, స్పీకర్ల పెట్టిస్త. లైన్ల ఉండు."

మార్కండేయకు ఫోను పక్కన పెట్టడం వచ్చు గానీ ఆపడం రాదు. సుకన్యకు అంతా వినిపించింది. కంపెనీ తరఫున వస్తున్నది విజయ్‌కుమార్ అనే అధికారి. కారు ఇందల్వాయి దగ్గర ఆపుకుని మాట్లాడుతున్నాడు.

"జగన్మోహనరావు గారూ, మీ ఊరి మీద ఆ పొగ ఏమిటండీ?"

"అదా, మా శ్రామికులేనండి. మీకోసమే సిద్ధంగా..."

"అదే అడుగుతున్నాను. ఎన్ని ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి మీ దగ్గర?"

"ఒక్కటీ లేదండి. నమ్మండి. మొత్తం ఖాళీ."

"ఇంత పొగ పెట్టుకుని లేదంటారేంటండీ? మేం వెతుకుతున్నది చేతులు ఖాళీగా ఉన్న ఊరు. మీ వాళ్లంతా పనుల్లో ఉన్నట్టున్నారు. మాకు మనుషులు దొరకరు. ఏమనుకోకండి, చాలా అభివృద్ధి చెందారు. అభినందనలు."

కారు ఇందల్వాయి దగ్గరే వెనక్కి తిరిగింది. తర్వాత మార్కండేయ గొంతు దగ్గరగా వచ్చింది. "ఇన్నవా చెల్లె?"

"విన్న అన్నా."

"నువ్వేం జేస్తున్నవ్?"

"బస్తాలు ఎక్కిస్తున్న."

"ఎక్కియ్యి, ఎక్కియ్యి," అన్నాడు. ఆ గొంతులో ఏముందో సుకన్యకు అర్థమైంది. అతని కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది.

విభాగం త్వరగానే తేరుకుంది. మైదానంలో కాలినవాళ్లు తమంతట తామే అంటించుకున్నారా, లేక దారిన పోయేవాడి బీడీ ముక్కా అన్న దాని మీద విచారణ వేశారు. (విచారణ సాగుతోంది. అంతమంది బీడీ తాగేవాళ్లు ఒకే దారిన ఎట్లా పోయారన్న దగ్గర ఆగింది.) విచారణ ముగిసేవరకు వాళ్లను కాలనట్టే భావించి, బుధవారం హాజరుకు రమ్మన్నారు. చివరి కాగితం గోడ మీంచి తీసేశారు. దాని స్థానంలో కొత్త సర్క్యులర్ వచ్చింది. ఒక ప్రతి కోల్డ్ స్టోరేజీకి కూడా వచ్చింది. జ్యోతిరాణి కళ్లజోడు లేక సుకన్యనే చదవమంది.

"పరిశ్రమలు వచ్చేవరకు పట్టణంలో ఎక్కడా పని జరుగుతున్నట్టు కనిపించరాదు."

"కింద ఏమన్న రాసిండ్రా?"

"మీ మెషిన్ల చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తోంది, తగ్గించగలరు, అని రాసిండ్రు మేడం."

"ఫైల్ల పెట్టు. దర్వాజ మూసి పని జేసుకో," అంది జ్యోతిరాణి.

మార్చి చివర్లో సుకన్య తూకం చీటీ ఇచ్చి రావడానికి నిల్వ ఆఫీసుకు వెళ్లింది. క్యూ అట్లాగే ఉంది. పుష్పలత చేతులు తెల్లగా కడుక్కుని కిటికీలో చాపి నిలబడింది. సుకన్యను చూసి, ఆమె వేళ్లకు అంటుకున్న పసుపును చూసి, కొంచెం పక్కకు జరిగింది.

లోపల మార్కండేయ కుర్చీ ఎక్కి నల్లబోర్డు మీద సంవత్సరాంతపు లెక్క రాస్తున్నాడు. రావుగారు కింద నిలబడి, వంకర పోకుండా చూస్తున్నారు. నమోదైన నిల్వ నాలుగు వేల పైచిలుకు అని రాశాడు. వచ్చిన కంపెనీలు లేవు అని రాశాడు. ఎలుకల వల్ల నష్టం లేదు, పందుల వల్ల నష్టం లేదు అని రాశాడు. ఆ తర్వాత సుకన్య వైపు ఒకసారి చూసి, సుద్దముక్క మార్చుకుని, చివరి వరుస రాశాడు.

తరుగు: ఒకటి. కారణం: ఉద్యోగం.

"పెద్ద నష్టం కాదులే," అన్నారు రావుగారు ఆమెకు ధైర్యం చెబుతూ. "వచ్చే ఏడు అది కూడా లేకుండా చూసుకుంటాం."